పసిపిల్లల బడి: గది, వసారా, వాకిలి

మూడేళ్లు నిండి ఆరేళ్లు దాటని పిల్లలు చదువుకునే చోటును పూర్వ ప్రాథమిక విద్యాస్థలం అంటారు. అంగన్‌వాడీ కేంద్రం, బాల్వాడీ, నర్సరీ, ప్లే స్కూల్, ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలకు అనుబంధంగా నడిచే తరగతి, అన్నీ ఈ కోవలోవే. ఈ వయసు పిల్లలు విని నేర్చుకునేది తక్కువ. పట్టుకుని, ఎత్తి, కూల్చి, తడిపి, ఎక్కి, దూకి నేర్చుకునేదే ఎక్కువ. అందుకే వాళ్ల చదువులో పుస్తకం కన్నా నేల, గోడ, నీడ, మట్టి పెద్ద పాత్ర వహిస్తాయి. హైదరాబాద్ తూర్పు అంచున ఉన్న హయత్‌నగర్ ప్రాంతాన్ని ముందుంచుకుని అలాంటి స్థలాల చరిత్ర, కొలతలు, కట్టుబడి గురించి ఈ వ్యాసం వివరిస్తుంది.

ప్రాంతం, నేల, ఎండ

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్, వనస్థలిపురం దాటాక విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద హయత్‌నగర్ వస్తుంది. గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్‌షా కుమార్తె, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి అయిన హయత్ బక్షీ బేగం పేరు మీద వెలసిన ఊరిది. 17వ శతాబ్దంలో ఇక్కడ కట్టిన మసీదుకు విశాలమైన ప్రాంగణం, బందరు దారిన వచ్చిపోయే బాటసారుల కోసం చుట్టూ వరుస గదులు, దగ్గర్లోనే హాథీ బావోలి అనే పెద్ద బావి ఉన్నాయి. మధ్యలో ఖాళీ, దాని అంచున గదులు. ఎండ ఎక్కువగా ఉండే ఈ నేల మీద ఆనాటి మేస్త్రీలు ఎంచుకున్న ఈ అమరిక పసిపిల్లల బడికీ పనికొచ్చేదే.

ఇక్కడిది ఎర్ర చెలక నేల. మెట్ట వ్యవసాయం మీద పనిచేసే కేంద్ర పరిశోధన సంస్థ ‘క్రీడా’ ప్రయోగ క్షేత్రం హయత్‌నగర్‌లోనే ఉంది. చెలకలో ఇసుక పాలు ఎక్కువ కాబట్టి నీరు త్వరగా ఇంకిపోతుంది. వాన వెలిసిన కాసేపటికే పిల్లలను వాకిట్లోకి వదలొచ్చు. నల్లరేగడి ఊళ్లకు లేని వసతి ఇది. ఏడాదికి సుమారు 80 సెంటీమీటర్ల వాన పడుతుంది, అందులో ఎక్కువ భాగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే. మే నెలలో పగటి వేడి 40 డిగ్రీలకు చేరుతుంది.

2007లో గ్రేటర్ హైదరాబాద్ ఏర్పడ్డాక ఈ ప్రాంతం మహానగరంలో భాగమైంది. 2018లో ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చింది. ఒకప్పటి చేలు 150, 200 గజాల ప్లాట్లయ్యాయి. ప్లాట్లు అపార్ట్‌మెంట్లు అవుతున్నాయి. పిల్లలకు ఈ మార్పులో అన్నిటికన్నా ముందు పోయింది ఇంటి ముందరి వాకిలి.

అరుగు మీది బడి నుంచి అంగన్‌వాడీ దాకా

తెలుగునాట పసిపిల్లల చదువు నాలుగు గోడల మధ్య మొదలు కాలేదు. వీధిబడి పంతులుగారి ఇంటి అరుగు మీదో, చెట్టు కిందో, గుడి మండపంలోనో సాగేది. తెలుగు, కన్నడ పల్లెలు కలిసి ఉన్న బళ్లారి జిల్లాలోని 533 బడుల గురించి 1823లో కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ పంపిన నివేదికలో, పిల్లలు నేల మీద ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దే పద్ధతి నమోదై ఉంది. అక్షరం వేలికి గరుకుగా తగులుతుంది. తప్పుపోతే అరచేత్తో చెరిపి మళ్లీ దిద్దొచ్చు. మరో ఎనభై ఏళ్లకు ఇటలీ వైద్యురాలు మరియా మాంటిస్సోరి గరుకు కాగితంతో అక్షరాలు చేయించింది. రెంటిలోనూ చెయ్యే కంటికి దారి చూపుతుంది. మన వీధిబడిలో దెబ్బలున్నాయి, కులాల గడపలున్నాయి, ఆడపిల్లలు అరుదు. అవన్నీ ఒప్పుకుంటూనే, ఇసుక, అరుగు, చెట్టు అనే మూడింటినీ మనం తొందరపడి పారేసుకున్నామని చెప్పక తప్పదు.

ఐరోపాలో 1837లో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ జర్మనీలోని బాడ్ బ్లాంకెన్‌బుర్గ్‌లో మొదలుపెట్టిన కిండర్‌గార్టెన్‌లో తోటపని చదువులో భాగం. మాంటిస్సోరి 1907లో రోమ్ నగరంలోని శాన్ లోరెంజో పేటలో తెరిచిన బాలల గృహం, కుర్చీలను, బీరువాలను పిల్లల ఎత్తుకు దించింది. 1914లో మార్గరెట్ మెక్‌మిలన్ లండన్ మురికివాడ డెట్‌ఫర్డ్‌లో ఆరుబయట నర్సరీ నడిపింది. ఇరుకు ఇళ్ల పిల్లలకు గాలి, వెలుతురు, స్నానం ఇవ్వడమే చదువుకు తొలిమెట్టని ఆమె నమ్మింది. హయత్‌నగర్ బస్తీలకు ఈ ముగ్గురిలోనూ ఆమె మాటే ఎక్కువ వర్తిస్తుంది.

గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో 1920లో గిజూభాయి బధేకా బాలమందిరం తెరిచారు. తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ 1945 నుంచి ఇప్పటి మహారాష్ట్రలోని బోర్డి ప్రాంతంలో మరో అడుగు వేశారు. పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ల వాడలోకి, వాళ్ల ఇళ్ల మధ్య ఉన్న ఖాళీ జాగాలోకి తీసుకుపోయారు. మాంటిస్సోరి కూడా 1939లో మద్రాసు అడయారుకు వచ్చి యుద్ధకాలమంతా ఈ దేశంలోనే ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. తెలుగువారిలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి తొలి అధ్యక్షురాలయ్యారు. ఆ మండలి చేయూతతో పల్లెల్లో బాల్వాడీలు నడిచాయి. విజయవాడలో వి. కోటేశ్వరమ్మ మాంటిస్సోరి విద్యాసంస్థలు స్థాపించి 2017లో పద్మశ్రీ అందుకున్నారు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ చుట్టుపక్కల ఊళ్లలో నడిపిన చిన్న బడులు, ఒకే గదిలో వేర్వేరు వయసుల పిల్లలు ఎవరి వేగంలో వాళ్లు నేర్చుకునే ఏర్పాటుకు దేశమంతటా పేరు పొందాయి.

1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం మొదలైంది. దాని కింద ఇవాళ ఒక్క తెలంగాణలోనే సుమారు 35,700 అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. ఆ పథకం గుడ్డును, పాలను, టీకాను ఇంటి దగ్గరికి తెచ్చింది. జాగా విషయంలో మాత్రం, ముఖ్యంగా నగరాల్లో, వెనకబడే ఉంది. చాలాచోట్ల కేంద్రమంటే అద్దెకు తీసుకున్న ఒక గది. అందులోనే పొయ్యి, బియ్యం బస్తాలు, బరువు తూచే యంత్రం, రిజిస్టర్ల బీరువా, వీటి మధ్య పాతిక మంది పిల్లలు.

గజాల లెక్క

2013లో వచ్చిన జాతీయ బాల్య సంరక్షణ, విద్యా విధానానికి అనుబంధంగా రూపొందిన నాణ్యతా ప్రమాణాల ప్రకారం 30 మంది పిల్లలకు కనీసం 35 చదరపు మీటర్ల గది, 30 చదరపు మీటర్ల ఆరుబయలు ఉండాలి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఇరవై మందికొక పెద్ద మనిషి తప్పనిసరి. మంచినీళ్లు, పిల్లల కొలతకు తగిన మరుగుదొడ్లు, విడిగా వంటకు చోటు, కాసేపు కునుకు తీయడానికి చోటు కూడా ఆ ప్రమాణాలు అడిగాయి.

హయత్‌నగర్‌లో జాగాను చదరపు మీటర్లలో ఎవరూ మాట్లాడరు. గజాల్లోకి మారిస్తే గదికి సుమారు 42 గజాలు, బయలుకు 36 గజాలు, మొత్తం 78. అంటే 200 గజాల ప్లాటులో కట్టిన ఇల్లు, వంటగది, మరుగుదొడ్డి, సామాన్ల చోటు పోను, 30 మందికి హాయిగా సరిపోతుంది. వంతులు వేసుకుని వాకిలి వాడుకుంటే రెండు జట్లకు ఇరుగ్గా సరిపోతుంది. అంతకు మించి పిల్లలను చేర్చుకున్నప్పుడు కోత పడేది ఎప్పుడూ బయలుకే. సెట్‌బ్యాక్ జాగాకు టైల్స్ పడతాయి, దాని మీద స్కూటర్లు నిలుస్తాయి, మిగిలిన మూలలో ప్లాస్టిక్ జారుడుబల్ల ఒకటి పెట్టి ఆటస్థలం అంటారు.

మన ప్రమాణమే ఉదారమైనది కాదు. మన లెక్కలో ఒక్కో బిడ్డకు లోపల 1.17 చదరపు మీటర్లు, బయట ఒక చదరపు మీటరు. ఇంగ్లండ్‌లో మూడేళ్లు నిండిన బిడ్డకు లోపలే 2.3 చదరపు మీటర్లు ఉండాలి. ఆస్ట్రేలియాలో లోపల 3.25, బయట 7. మనది జనసాంద్రత ఎక్కువగా ఉన్న నగరం, ఆ అంకెలు ఇక్కడ కుదరకపోవచ్చు. కానీ ఒక చదరపు మీటరు అనేది కింది గీత. దాని కిందికి దిగిన చోటును బడి అనడానికి ఈ వ్యాసకర్తకు మనసొప్పదు.

గది

మూడేళ్ల బిడ్డ సగటున 95 సెంటీమీటర్ల ఎత్తు, ఐదేళ్ల బిడ్డ 110. గదిలో ప్రతిదీ ఈ రెండు అంకెల మధ్య పుట్టాలి. బొమ్మలు పెట్టే అర పిల్లల భుజం ఎత్తు దాటకూడదు. పిల్లలు వేసిన చిత్రాలు టీచరు కంటికి ఎదురుగా కాకుండా వాళ్ల కంటికి ఎదురుగా, నేల నుంచి మీటరు లోపు ఉండాలి. కిటికీ అడుగు అంచు మోకాలి ఎత్తులో ఉంటే వీధిలో పోయే కూరగాయల బండి కూడా పాఠమవుతుంది. ఊచల మధ్య సందు 9 సెంటీమీటర్ల లోపే ఉండాలి. అంతకన్నా వెడల్పు సందుల్లో పిల్లల తల ఇరుక్కునే ప్రమాదం ఉంది. కుర్చీలు వేస్తే 26 నుంచి 31 సెంటీమీటర్ల ఎత్తువి. అయితే చాప, పీట మన పిల్లలకు ఇంట్లో అలవాటే. ఉన్న కాస్త చోటును కుర్చీలతో నింపడం కన్నా చాపలు చుట్టి పక్కన పెట్టుకోగల గదే మేలు.

నేలకు తాండూరు బండ, షాబాద్ బండ ఈ ప్రాంతంలో తేలిగ్గా దొరుకుతాయి. వేసవిలో చల్లగా ఉంటాయి, గరుకుగా వదిలేస్తే తడిసినా అంతగా జారవు, సుద్దముక్కతో గీస్తే పలకలవుతాయి. నున్నటి విట్రిఫైడ్ టైల్స్ ఇలాంటి గదులకు తగవు, నీళ్ల చుక్క పడితే చాలు పిల్లలు జారిపోతారు.

2022లో వెలువడిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం గదిని మూలలుగా విభజించుకోమని చెబుతుంది: దిమ్మెలతో కట్టుకునే మూల, బొమ్మరిల్లు మూల, పుస్తకాల మూల, రంగుల మూల. 42 గజాల గదిలో నాలుగు మూలలు మించితే ఏదీ మిగలదు. చప్పుడు చేసే దిమ్మెలను, చప్పుడు గిట్టని పుస్తకాలను ఎదురెదురు గోడలకు పెట్టాలి. బొమ్మల్లో ఏటికొప్పాక లక్కపిడతలను మించినవి లేవు. అంకుడు కర్ర, చెట్ల నుంచి తీసిన రంగులు కాబట్టి పిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం ఉండదు. కొండపల్లి, నిర్మల్ బొమ్మలు కూడా అందమైనవే, కానీ పొనికి కర్ర చాలా తేలిక, విసిరితే విరుగుతుంది. వాటిని పై అరలో పెట్టి చూపించాలి. గోడలకు, సామాన్లకు వేసే రంగుల డబ్బా మీద సీసం లేదన్న మాట చూసి కొనాలి. 2017 నవంబరు నుంచి మన దేశంలో ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పదిలక్షల పాళ్లలో 90కి మించకూడదు.

భవనాన్నే బోధన పరికరంగా వాడే ‘బాలా’ పద్ధతిని వాస్తుశిల్పి కబీర్ వాజ్‌పేయి, ఆయన సంస్థ విన్యాస్ రూపొందించాయి. తలుపు తెరుచుకునేటప్పుడు నేల మీద గీసే అర్ధచంద్రాన్ని తీసుకుని దాని మీద గీతలు గీస్తారు. తలుపు ఎంత తెరిస్తే ఏ గీత దగ్గర ఆగిందో పిల్లలు చూస్తారు. కోణం అన్న మాట పుస్తకంలోకి రావడానికి ఐదేళ్ల ముందే కోణం వాళ్ల చేతిలో తిరుగుతుంది. కిటికీ ఊచలను వంపులు, మెలికలుగా చేయించి వేలితో వెంట పోనిస్తారు. చాలా కేంద్రాల్లో ఈ పద్ధతి గోడ నిండా ఆపిల్, ఏనుగు, అక్షరమాల బొమ్మలు వేయించడంతో ఆగిపోతోంది. పిల్లల చేయి తగలని ఎత్తులో వేసిన బొమ్మ అలంకారమే, పరికరం కాదు.

పైకప్పు రేకులదైతే పైన చెప్పినవేవీ నిలవవు. ఏప్రిల్‌లో గది పొయ్యిలా కాగుతుంది, జులైలో వాన చప్పుడుకు టీచరు కథ వినబడదు. సున్నమో, ఎండను తిప్పికొట్టే తెల్ల పూతో పైన వేస్తే లోపలి వేడి తగ్గుతుంది. తెలంగాణ 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని తెచ్చింది కూడా. ఖర్చు తక్కువ, ఫలితం వెంటనే కనబడే పని ఇది.

వసారా

గదికీ వాకిలికీ మధ్య ఎనిమిదడుగుల వెడల్పు వసారా ఉంటే బడి రూపమే మారిపోతుంది. వానలోనూ ఆట ఆగదు. చెప్పులు విడవడం, కాళ్లు కడుక్కోవడం, అన్నం తినడం, అమ్మ చెయ్యి వదలలేక ఏడ్చే బిడ్డ కాసేపు కూర్చుని లోపలి సందడిని చూసి మెత్తబడడం, అన్నీ అక్కడే జరుగుతాయి. కొత్తగా చేరిన పిల్లలను గుమ్మం లోపలికి ఒక్కసారిగా లాగే బడులకూ, వసారాలో నాలుగు రోజులు ఆడనిచ్చే బడులకూ జూన్ నెల ఏడుపుల్లోనే తేడా తెలుస్తుంది. అంచున అడుగు ఎత్తు అరుగు కట్టిస్తే అదే బెంచీ, అదే బొమ్మల కొట్టు, అదే రైలుబండి.

దిక్కు విషయం ఒకటి చెప్పాలి. వాస్తు పాటించేవారు తూర్పు, ఉత్తరం వైపు ఎక్కువ ఖాళీ వదులుతారు. పిల్లలు బయట ఆడేది ఉదయం తొమ్మిదిన్నర, పదకొండు గంటల మధ్య. ఆ వేళకు ఎండ సూటిగా తూర్పు వాకిట్లో పడుతుంది, భవనం నీడ పడమటి వైపు ఉంటుంది. పాత ఇంట్లో బడి పెట్టేవారు పడమటి పక్క మూడడుగుల సందును కూడా వాడుకోవాలి. అక్కడ మూడు చక్రాల బండి తోసుకుపోవచ్చు, గోడకు బిగించిన పైపుల్లో నీళ్లు పోసి ఎటు పోతాయో చూడొచ్చు, మట్టితో గుజ్జనగూళ్లు వండొచ్చు. తూర్పు వాకిలికైతే చెట్టో, పందిరో తప్పదు.

వాకిలి

ఆరుబయట ముందు కావాల్సింది నీడ, ఆ తరవాత మట్టి, నీళ్లు, ఇసుక. ఉయ్యాల, జారుడుబల్ల వీటన్నిటి తరవాత. డబ్బు ఖర్చు చేసేవారు ఈ వరసను తలకిందులు చేస్తారు.

నీడకు వేప, కానుగ తగిన చెట్లు. రెండూ చెలకలో బతుకుతాయి, వేసవికి ముందే కొత్త చిగురు వేస్తాయి. పచ్చగన్నేరు, గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు, ఆముదం పసిపిల్లలున్న చోట ఉండరాదు. అందం కోసం కాలనీల్లో గోడ వారగా నాటే పచ్చగన్నేరు కాయ ప్రాణం తీయగలదు. ఓ మూల తంగేడు, గునుగు, బంతి వేస్తే బతుకమ్మ నాటికి పిల్లలు తామే పువ్వులు కోసి పేరుస్తారు. రంగుల వరస, గుండ్రని అమరిక, లెక్క, పాట అన్నీ ఆ ఒక్క పళ్లెంలో నేర్చుకుంటారు.

ఇసుక గుంత ఆరడుగుల చదరం, అడుగు లోతు చాలు. అడుగున కంకర పరిచి దాని మీద గుడ్డ, పైన జల్లించిన వాగు ఇసుక. కట్టుబడికి వాడే రోబో ఇసుకలో సన్నని రాతిపొడి, పదునైన పలుకులు ఉంటాయి కాబట్టి పనికిరాదు. రాత్రి టార్పాలిన్ కప్పకపోతే పిల్లులు, కుక్కలు పాడుచేస్తాయి. ఉదయం ఆయా ఒకసారి పార వేసి తిరగేస్తే గాజుపెంకు, మేకు ఏదైనా బయటపడుతుంది. దానికి పక్కనే వెడల్పాటి, లోతు తక్కువ సిమెంటు తొట్టి. మగ్గులు, గరాటు, చిల్లుల డబ్బా, కొబ్బరి చిప్పలు అందించి చూడండి. సన్నగా పొడవుగా ఉన్న సీసాలోకన్నా పొట్టి గిన్నెలో ఎక్కువ నీళ్లు పట్టాయని కనిపెట్టడానికి నాలుగేళ్ల పాపకు ఎన్నో ఉదయాలు పడుతుంది. ఆ ఉదయాలను మిగల్చడమే బడి పని. ఆట అయ్యాక తొట్టి బోర్లించాలి, చేతి లోతు నీళ్లలోనూ పసిపిల్లలు మునిగిపోతారు.

తొక్కుడు బిళ్లకు గట్టి నేల పది పన్నెండు అడుగులు కావాలి. దాగుడుమూతలకు దాక్కునే పొదలు, ఒప్పులకుప్పకు గిర్రున తిరిగే చోటు, చెమ్మచెక్కకు ఇద్దరు నిలబడే జాగా చాలు. వామనగుంటలు వసారా బండలోనే చెక్కించొచ్చు. ఈ ఆటలన్నిటికీ అయ్యే ఖర్చు ఒక్క రంగుల ప్లాస్టిక్ జారుడుబల్ల ధర కన్నా చాలా తక్కువ. ఇనుప జారుడుబల్ల పెడితే నీడలోనే పెట్టాలి, ఎండలో కాలి తొడలు బొబ్బలెక్కుతాయి. దిగే చోట అడుగు లోతు వదులు ఇసుక ఉండాలి.

అపాయాలు

మన ఇళ్లలో పసిపిల్లలకు అన్నిటికన్నా పెద్ద అపాయం సంపు మూత. నల్లా నీళ్లు రోజూ రాని కాలనీల్లో ప్రతి ఇంటి వాకిట్లో సంపు ఉంటుంది. మూతకు తాళం లేని చోట బడికి అనుమతి ఇవ్వకూడదు. వీధి కుక్కలకు అడ్డుగా ప్రహరీ, తనంతట తానే మూసుకునే గేటు ఉండాలి. వంట పిల్లల గదికి దూరంగా, సిలిండరు బయట ఉండాలి. 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో బడి వంటశాల నుంచి లేచిన మంట పై అంతస్తు పాకకు అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. పసిపిల్లల తరగతులను పై అంతస్తుకు ఎక్కించే బడులు ఆ తేదీని గుర్తుంచుకోవాలి. నేల అంతస్తు ఎంచుకునేవారు మరొకటి చూసుకోవాలి. 2020 అక్టోబరు వానలకు హయత్‌నగర్, ఎల్బీనగర్ చుట్టుపక్కల కాలనీలెన్నో నీట మునిగాయి. పునాది రోడ్డు కన్నా ఎత్తులో లేని ఇల్లు బడికి తీసుకోకూడదు. రహదారి వెంట హారన్ల మోత మరో బెడద. తరగతి గదిలో చప్పుడు 35 డెసిబెల్స్ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన, హైవే పక్క గదిలో అది సాధ్యపడదు. రెండు వీధులు లోపలికి పోవాలి.

జాగా ఎక్కడ

కొత్తగా స్థలం కొని అంగన్‌వాడీ కట్టడం ఈ ధరల్లో కష్టమే. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల ఆవరణలోకి కేంద్రాలను తెస్తే వాకిలి దొరుకుతుంది, కానీ బస్తీకి దూరమైతే తల్లులు పంపరు. పెద్ద రోడ్డు దాటాల్సిన బడి మూడేళ్ల బిడ్డకు లేనట్టే. వనస్థలిపురంలో 1975లో జింకల పార్కుగా మొదలై 1994లో జాతీయ ఉద్యానవనమైన హరిణ వనస్థలి ఏడాదికి ఒకటి రెండు విహారాలకు బాగుంటుంది, రోజువారీ ఆటకు ఇంటి పక్క జాగానే కావాలి.

అది ఇప్పటికే ఉంది. ఈ ప్రాంతంలో లేఅవుట్ వేసినప్పుడు వదిలిన పార్కులు కాలనీ కాలనీకీ కనబడతాయి. చాలావాటిని ఉదయం, సాయంత్రం పెద్దల నడకకు తెరిచి మధ్యలో తాళం వేస్తారు. పిల్లలకు కావాల్సింది సరిగ్గా ఆ తాళం వేసిన వేళే. కాలనీ సంక్షేమ సంఘాల పెద్దలు ఉదయం పది నుంచి పన్నెండు దాకా గేటు తీసి, ఓ చెట్టు కింద ఆరడుగుల ఇసుక గుంత తవ్వించి, దగ్గర్లోని అంగన్‌వాడీ టీచరుకు ఒక తాళంచెవి ఇవ్వండి. దీనికి జీవో అక్కర్లేదు, సంఘం తీర్మానం చాలు.